నవాబ్ సాబ్ ఇల్లు నాదే అనుకున్న

నాకు ఒక మంచి గుణం ఉన్నది. నా నోటితోని నేనే చెప్పుకునుడు మంచిగుండదు గని, ఇంకెవ్వరు చెప్తలేరు, అందుకే చెప్తున్న. ఎవరన్న ఏదన్న ఇస్తే మొదటిసారి తీస్కోను. రెండోసారి కూడ తీస్కోను. మూడోసారి, ఇచ్చేటోళ్ల మనసు నొప్పియ్యొద్దని, తల వంచి తీస్కుంట. దీన్ని తకల్లుఫ్ అంటరు. కిషన్‌బాగ్‌ల పాలు పిండే ఇండ్లన్నిట్ల ఇంత తకల్లుఫ్ తెల్సినోన్ని నేనొక్కన్నే అని నాకు మస్తు గర్వం.

ఆ గుణమే మొన్న వానకాలం ముందర పదకొండు కుటుంబాలను మూసీల ముంచబోయింది. నన్నయితే ఒక నవాబు దేవిడీ దర్వాజ కాడ, బ్యాండు మాస్టరు షేర్వాణీల, పదిమంది నడుమ నిలబెట్టింది. ఎట్లనో చెప్త, వినుండ్రి.

నేను బడికి పోయింది రెండు నెలలు. పంతులుకు నా మీద, నాకు పంతులు మీద ఒక్కపారే విసుగొచ్చింది. మిగిలిన చదువంత దేవిడీల గడపల కాడ చదివిన. పాల కావడి దించి, లోపలికెల్లి గిన్నె వచ్చేదాక నిలబడాలె. పెద్దిండ్లల్ల గిన్నె తొందరగ రాదు. ఆ నిలబడ్డ సేపు దివాన్‌ఖానల కూసున్నోళ్ల మాటలు చెవుల పడుతుంటయి. సలాం ఎంత లోతుకు చెయ్యాలె, కూసోమంటే ఎంతసేపు నిలబడాలె, పాన్‌దాన్ ముందరికొస్తే ఎన్నిసార్లు చెయ్యి అడ్డం పెట్టాలె, ఇవన్ని చూసుకుంట చూసుకుంట ఇరవై ఏండ్లల్ల పట్టేసిన.

నేర్చిన చదువు ఇంట్ల వాడకుంటే ఎట్ల? పెండ్లయిన కొత్తల మా బాలమణి ఇంకో రొట్టె వెయ్యనా అని అడిగితే, వద్దన్న. బాలమణి వద్దంటే వద్దే అనుకునే రకం. ఆ రొట్టె తీస్కపోయి బర్రె దూడకు పెట్టేది. నేను రెండో అడుగుడు కోసం ఎదురుచూసుకుంట కూసునేటోన్ని. మూడు నెలలు సగం కడుపుతోనే సంసారం చేసిన. దూడ మాత్రం మంచిగ బలిసింది.

ఇగ అసలు సంగతి. యుద్ధం నడుస్తున్న రోజులు. జొన్నలు దొరుకుడే కష్టమయింది. పాలమూరు దిక్కుకెల్లి కూలి పని కోసం కుటుంబాలకు కుటుంబాలు పట్నం దారి పట్టినయి. అట్ల వచ్చిన పదకొండు కుటుంబాలు పురానాపూల్ కమాన్ల కింద, ఎండిన మూసీ ఇసుకల కాపురం పెట్టినయి. ఎండకాలం కాబట్టి నడిచింది. మిరుగం కార్తె వచ్చి వానలు మొదలయితే ఆ జాగ మళ్ల మూసీదే గద.

ఒకనాడు మాపటికి, మిరుగం ఇంకా ఇరవై దినాలున్నదనంగ, ముందస్తు వాన ఒకటి కొట్టింది. కొద్దిసేపటికి మా కొట్టం ముందర ఒక ఆడమనిషి వచ్చి నిలబడ్డది. పేరు ఎల్లమ్మ. ఎనిమిదో నెల. వెనుక మొగడు, ఇద్దరు పిల్లలు. వాళ్ల వెనుక మిగిలిన పది కుటుంబాలు, బోకెలు, గొంగళ్లు, ఒక కోడి. ఆమె ఏమీ అడగలే. నిలబడ్డది అంతే. మా బాలమణి ఆమె దిక్కు ఒకసారి చూసి, నన్నొక మాట అడగకుండనే బర్రెలను బయటికి తోలింది.

అట్ల మనుషులు కొట్టంల, బర్రెలు వాకిట్ల. బర్రెలకు ఈ ఇంతెజామ్ నచ్చలే. తెల్లారి పాలు సగమే ఇచ్చినయి. పక్కింటోళ్లు తొవ్వ లేదని లొల్లి. నాలుగు దినాలు చూసి బాలమణి చెప్పింది:

"ఇట్ల ఎన్ని దినాలయ్యా? ఆమె కానుపు బర్రెల పేడల కావాల్నా? కొట్టమన్న ఖాళీ కావాలె, వాళ్లకు ఇల్లన్న దొరకాలె. మిరుగం లోపల ఏదో ఒకటి చూడు."

నేను యేసుదాసు కాడికి ఉరికిన. యేసుదాసు నా చిన్ననాటి దోస్తు, రైల్వేల పని చేస్తడు, డ్యూటీ దిగినా కూడ గడియారం చూసుకునే మనిషి. కథ మొత్తం విని, తల దాచుకునే జాగ ఒక్కటే ఇస్తే సరిపోదు అన్నడు. పని దొరికి, చేతుల నాలుగు పైసలు ఆడి, సొంతంగ ఒక గది కిరాయికి పట్టేదాక వాళ్లను నిలబెట్టాలె అన్నడు. ఆరు నెలలో, ఏడు నెలలో. వాళ్లు నిలదొక్కుకుని పోతే ఆ జాగల ఇంకో కుటుంబం. ఒక్క వానకాలం ముచ్చట కాదు, ఏండ్లకు ఏండ్లు నడవాలె.

ఈ ఆలోచన నాదే అని నేను ఊర్ల చెప్తుంట. అసలు సంగతి ఇది, మీకు కాబట్టి చెప్తున్న.

పని మొదలు పెట్టాలంటే కమిటీ కావాలె. యేసుదాసు ప్రెసిడెంటు, నేను సెక్రటరీ, మెంబర్లు ఇంకా దొరకలే. కమిటీకి పేరు పెట్టుడు నా పని. రెండు దినాలు ఆలోచించి ఉర్దూల ఒక పేరు తయారు చేసిన. చెప్పాలంటే నడుమ ఒకసారి ఊపిరి తీస్కోవాలె. బాలమణి విని, ఈ పేరు పండుకోనీకే ఒక గది కావాలె అన్నది.

మొదాలు బేగంబజార్ పోవాలని అనుకున్నం. అక్కడ ఒక ఇత్తడి బోకెల సేఠ్ ఉన్నడు. మా ఇంటి పాల గిన్నెలన్ని తాతల కాడికెల్లి ఆయన దుకానంల కొన్నయే. రేకులు, బొంగులు, తాళ్లు, కిరాయి జాగ, దేనికయినా మొదాలు పైసలు కావాలె, సేఠ్ కాడ పైసలున్నయి. పోయేటప్పుడు ఇజ్జత్‌గ పోవాలె గద అని మా గల్లీ బ్యాండు మాస్టరు షేర్వాణీ అడిగి తొడిగిన. దాని భుజాల మీద బంగారు రంగు జాలర్లు, ముందట ఇత్తడి గుండీలు. యేసుదాసు నన్ను కిందికెల్లి మీదికి చూసి, సన్నాయి ఎక్కడ పెట్టినవన్నా అని అడిగిండు.

దుకానంల హమాలీలు మూటలు దించుతున్నరు. సేఠ్ గద్దె మీద కూసొని ఒక చెవు వాళ్లకు, ఒక చెవు నాకు ఇచ్చిండు. నేను కథ మొత్తం చెప్పిన. మంచిగ చెప్పిన, అబద్ధమెందుకు. మూసీ ఇసుక కాడికెల్లి ఎల్లమ్మ ఎనిమిదో నెల దాక వచ్చేసరికి సేఠ్ కలం కింద పెట్టిండు. ఇంకేమీ అడగలే. పక్కనున్న పెట్టె తెరిచి, ఎర్ర బట్ట సంచి ఒకటి తీసి నా ముందర పెట్టిండు.

"తీస్కో."

ఇగో, ఇక్కడ నా చదువు అడ్డం వచ్చింది. చెయ్యి తనంతట అదే లేచి అడ్డం పడ్డది. నోరు తనంతట అదే తెరుచుకున్నది.

"అయ్యో సేఠ్‌జీ, ఇప్పుడే ఎందుకు? మీకు తకలీఫ్."

అని తల వంచి, రెండోసారి కోసం ఎదురుచూస్తున్న.

"అచ్ఛా," అన్నడు సేఠ్. సంచి తీసి పెట్టెల పెట్టి, మూత వేసి, హమాలీ దిక్కు తిరిగిండు.

నేను తల ఎత్తలే. రెండోసారి వస్తది, ఎట్లయినా వస్తది. యేసుదాసు నా కాలు తొక్కిండు. నేను కాలు జరుపుకున్న. గిరాకి వచ్చింది, పోయింది. ఇంకో గిరాకి వచ్చింది. పెద్ద గంగాళం ఒకటి బేరం అయింది. సేఠ్ మంచినీళ్లు తెప్పిచ్చిండు. నీళ్లను కూడ నేను మొదటిసారి వద్దన్న, అవి కూడ పోయినయి. చివరికి సేఠే అడిగిండు, ఇంకేమన్న పని ఉన్నదా నర్సింగ్, దుకానం మూసే టైము అయితున్నది అని.

ఇంటి దారి పట్టినం. యేసుదాసు పురానాపూల్ నడుమ ఆగి, కింద ఇసుక దిక్కు చూపిచ్చిండు. అక్కడ మొన్నటి వాన నీళ్లు సన్నగ పారుతున్నయి.

"నర్సింగన్నా, ఆయన ఇచ్చింది నీకు కాదు. నువ్వు వద్దన్నది కూడ నీది కాదు. మరి ఎవల్నడిగి వద్దన్నవు?"

మళ్ల పోయి అడుగుదాం అన్నడు. ఒకసారి వద్దన్నదాన్ని మళ్ల అడుగుడంటే నాకు చావు వచ్చినట్లయింది. నా ఇజ్జత్ ఏమయితది అన్న. ఆయన నా షేర్వాణీ దిక్కు చూసి నడక అందుకున్నడు.

ఇంటికొస్తే ముచ్చట అప్పటికే బాలమణికి తెల్సింది, యేసుదాసు నాకన్న తొందరగ నడుస్తడు. ఆమె పెద్దగ లొల్లి చెయ్యలే. అన్నం పెట్టుకుంట ఒక్క మాట అన్నది: "నాకు తెల్వక దూడకు పెట్టిన. సేఠ్‌కు తెల్వక పెట్టెల పెట్టిండు. తెల్సి పస్తుండేది నువ్వొక్కనివే." కొట్టంల ఎల్లమ్మ నడుం పట్టుకొని పిల్లలను పండుకోబెడుతున్నది. నేను పళ్లెం పక్కకు జరిపిన.

ఆ రోజు ఒట్టు పెట్టుకున్న. ఇయ్యాల్టికెల్లి ఎవరు ఏమిచ్చినా, మొదటి మాటకే తీస్కుంట. రెండో మాట దాక ఆగితే నా పేరు నర్సింగే కాదు.

జహనుమాల మేము పాలు పోసే దేవిడీ ఒకటున్నది. నవాబ్ సాబ్ మరీ పెద్ద జాగీర్దార్ కాదు, నడిమి రకం. మనిషి మాత్రం మర్యాదకు పెట్టింది పేరు. కొత్తగ మోటరు కొన్నడు, కొన్నంక గుర్రాలను అమ్మేసిండు. దేవిడీ వెనుక దర్వాజ పక్కన బగ్గీలు, గుర్రాలు ఉండే బగ్గీ ఖానా ఖాళీగ పడ్డది. వరుసగ పన్నెండు కమాన్లు, ఒక్కొక్క కమాన్ కింద ఒక గుర్రం జాగ, ముందట చేదబాయి. దినాము పాలు పోసి వచ్చేటప్పుడు దాని పక్కకెల్లే వస్తున్న. పదకొండు కుటుంబాలు, పన్నెండు కమాన్లు. నాకు లెక్క రాదు అనేటోళ్లు ఇది జర చూడాలె.

శుక్రవారం మధ్యాహ్నం ములాఖాత్ దొరికింది. మళ్ల అదే షేర్వాణీ. నేను చెప్పాల్సింది మూడు భాగాలు చేసుకొని పోయిన. మొదటి భాగం బగ్గీ ఖానా తారీఫ్. రెండో భాగం పదకొండు కుటుంబాల కష్టం. మూడో భాగం మన అర్జీ. ఉర్దూల మూడు దినాలు బర్రెల ముందర చెప్పుకొని చూసిన, అవి కదలకుండ విన్నయి.

నవాబ్ సాబ్ ఉర్దూలనే మాట్లాడిండు, నేను మన మాటల్ల చెప్తున్న. ఆయన అంత మర్యాదగ కూసోమన్నడు. నేను నా ఒట్టు యాదికి తెచ్చుకొని మొదటి మాటకే కూసున్న. ఆయన కనుబొమ్మలు జర లేచినయి. నేను మొదటి భాగం ఎత్తుకున్న. హుజూర్, మీ బగ్గీ ఖానా అసుంటి కట్టడం ఫలక్‌నుమా దిక్కు మొత్తంల లేదు, ఆ కమాన్లేంది, ఆ నీడేంది, దొరికినోళ్ల నసీబ్ ఎంత మంచిది అన్న.

నవాబ్ సాబ్ చెయ్యి ఊపి నవ్విండు.

"ఆప్ హీ కా హై."

మీదే అనుకోండి అని అర్థం. నా రెండో భాగం, మూడో భాగం ఇంకా నోట్లనే ఉన్నయి. కండ్ల ముందర ఎర్ర సంచి కనపడ్డది, పెట్టె మూత పడ్డ సప్పుడు వినపడ్డది. తటాల్న లేచిన.

"కబూల్ హై హుజూర్. మెహర్బానీ."

తీస్కున్న అని చెప్పి వరుసగ ఏడు సలాములు కొట్టిన. నవాబ్ సాబ్ చెయ్యి పాన్‌దాన్ మీద ఒక గడియ ఆగింది. తర్వాత నవ్వి పాన్ ఇచ్చిండు. అది కూడ మొదటి మాటకే తీస్కున్న. పదకొండు కుటుంబాల పేరు కూడ ఎత్తకుండ, పది నిమిషాలల్ల ఇల్లు సంపాయించుకొని బయటపడ్డ.

మొత్తం కిషన్‌బాగ్‌ల నా నడకే మారిపోయింది. కనపడ్డోళ్లకల్ల చెప్పిన. బ్యాండు మాస్టరు షేర్వాణీ ఇంకో రెండు దినాలు నీకాన్నే ఉంచుకో అన్నడు, మొదటి మాటకే ఉంచుకున్న. బాలమణి నా పళ్లెంల ఇంకో రొట్టె అడగకుండనే వేసింది. యేసుదాసు ఒక్కడే అనుమానం మనిషి.

"కాయితం ఏమన్న రాసిచ్చిన్రా?"

"నవాబుల మాట కాడ కాయితం అడుగుతర యేసుదాసూ? నీకు రైలు టికెటు తెల్సు గని నవాబుల మర్యాద, తహజీబ్ తెల్వదు," అన్న. ఈ మాట ఆయన ఇప్పటిదాక మర్చిపోలే.

ఎల్లమ్మ మాత్రం అడిగింది, వాళ్లు నిజంగనే ఇచ్చిన్రా అన్నా అని. నేను చేతుల తాళంచెవి ఉన్నట్లే తల ఊపిన. ఆమె ఆ మాపటికే బోకెలు కడిగి మూట కట్టుకున్నది.

తెల్లారి పొద్దుగాల బయలుదేరినం. ముందట నేను, జాలర్ల షేర్వాణీల. నా వెనుక పదకొండు కుటుంబాలు, నెత్తి మీద మూటలు, సంకల పిల్లలు, చాపలు, పొయ్యి రాళ్లు, ఆ ఒక్క కోడి. బాలమణి ఎల్లమ్మను పట్టుకొని మెల్లగ నడిపిస్తున్నది. యేసుదాసు అందరి వెనుక, గడియారం చూసుకుంట. తొవ్వల జనం ఆగి చూస్తుంటే నేను ఇటో సలాం, అటో సలాం. ఆకాశం మబ్బు పట్టింది. అది కూడ మన జులూస్‌కు శోభ అనుకున్న.

దేవిడీ దర్వాజ కాడ కాపలా ఉండే అరబ్ చావుష్ బల్లెం అడ్డం పెట్టిండు. లోపలికెల్లి దేవిడీ లెక్కలు రాసే మునషీ ఉరికొచ్చిండు. నా భుజాల మీద జాలర్లు చూసి, వెనుక మూటలు చూసి, బారాత్ ఎవరిది నర్సింగ్, పెండ్లికొడుకేడి అని అడిగిండు. బారాత్ కాదు, నవాబ్ సాబ్ నిన్న నాకిచ్చిన బగ్గీ ఖానాల దిగనీకి వచ్చినం అన్న.

మునషీ ముఖంల రంగు పోయింది. నా చెయ్యి పట్టి పక్కకు గుంజిండు.

"అరె పిచ్చోడా, అది మర్యాదకు అనే మాట. ఎవరు ఏది మంచిగున్నదన్నా ఆయన గట్లనే అంటరు. పోయిన నెల హకీం సాబ్ మోటరు మంచిగున్నదంటే అది కూడ ఆప్ హీ కా అన్నరు. హకీం సాబ్ నడిచే పోయిండు ఇంటికి."

ఇరవై ఏండ్లు గడపల కాడ నిలబడి ఎన్నోసార్లు ఈ మాట విన్న. హుక్కా మీద విన్న, అత్తరు సీసా మీద విన్న, పక్షి పంజరం మీద విన్న. ఒక్కరన్న తీస్కపోంగ చూసిన్నా? చూడలే. ఎన్నిసార్లు వద్దనాలెనో లెక్కపెట్టుకుంట ఉన్న గని, ఇచ్చేటోళ్లు ఏ మాట ఇయ్యనీకి అంటరో, ఏ మాట అననీకే అంటరో ఒక్కనాడు చూడలే. సేఠ్ కాడ ఇచ్చిందాన్ని వద్దన్న. ఇక్కడ ఇయ్యనిదాన్ని తీస్కున్న.

వెనుక తిరిగి ఎల్లమ్మ దిక్కు చూసే ధైర్యం లేదు. ఇంతల లొల్లి విని నవాబ్ సాబే బయటి మెట్ల మీదికి వచ్చిండు. ఆయనతోని ఇద్దరు మెహమాన్లు, చేతుల చాయ్ ప్యాలాలు.

ఎవరు వీళ్లంత అని అడిగిండు ఆయన. అప్పుడే రెండు చినుకులు పడ్డయి. ఎల్లమ్మ నడిచి నడిచి ఇంక నిలబడలేక కింది మెట్టు మీద కూలబడ్డది. కూసునే, మన తెలుగులనే, నవాబ్ సాబ్ ముఖం దిక్కు చూసి అడిగింది.

"దొరా, ఇచ్చిన్రంటె ఇచ్చిన్రని చెప్పుండ్రి. ఇయ్యలేదంటె అది కూడ చెప్పుండ్రి. వాన గట్టిగ రాకముందే పిల్లలతోని మళ్ల పోవాలె."

ఏమంటున్నదామె అన్నడు నవాబ్ సాబ్, నా దిక్కు తిరిగి. నా ఉర్దూ మొత్తం ఎటు పోయిందో తెల్వదు. మూడు దినాలు బర్రెలకు చెప్పిన రెండో భాగంల ఒక్క ముక్క యాదికి రాలే. పాలు లెక్క చెప్పేటప్పుడు మాట్లాడే నాలుగు ముక్కలల్లనే చెప్పిన. వీళ్లు మూసీ ఇసుకల ఉంటుండిరి హుజూర్, ఇప్పుడు నా కొట్టంల ఉన్నరు. మిరుగం వస్తే ఆ ఇసుకల నీళ్లొస్తయి. ఈమెకు తొమ్మిదో నెల పడ్డది. పని దొరికేదాక ఉండనీకి నీడ కావాలె. నేను నిన్న అడగనీకే వచ్చిన.

"మరి నిన్న ఇది ఎందుకు చెప్పలే?"

"మీరు మొదటి మాటకే ఇచ్చిన్రు గద, హుజూర్."

మెహమాన్లల్ల ఒకాయనకు చాయ్ గొంతుల అడ్డం పడ్డది. ఇంకొకాయన గడ్డం కింద నవ్వు దాచుకున్నడు. నవాబ్ సాబ్ నవ్వలే. మెట్లు దిగి వచ్చి, ఎల్లమ్మను చూసి, పిల్లలను చూసి, కోడిని చూసి, నన్ను చాలసేపు చూసిండు.

"నేను అన్ననా?" అని మునషీని అడిగిండు.

"అన్నరు హుజూర్. గని అది..."

"అన్నని నువ్వే చెప్తున్నవు గద. వెనుక దర్వాజ తాళంచెవి తీస్కరా. ఆమెను ముందు లోపల కూసోబెట్టు, తడుస్తున్నది."

అని, మెట్లెక్కబోయి మళ్ల నా దిక్కు తిరిగిండు.

"నర్సింగ్, ఇన్నేండ్ల సంది నా ఇంట్ల ఒక పాన్ మూడుసార్లు అడగందే తీస్కోలే నువ్వు. నిన్న మొదటి మాటకే కబూల్ అంటే, నీకు జ్వరం వచ్చిందనుకున్న. ఇయ్యాల్టికెల్లి నా ఇంట్ల ఏదీ మంచిగున్నదని అనకు. ముఖ్యంగ మోటరు."

అట్ల దొరికింది బగ్గీ ఖానా. కాయితం కూడ దొరికింది, యేసుదాసు ఊకుంటడా? కుటుంబాలు నిలదొక్కుకునేదాక ఉండొచ్చు, వాళ్లు పోతే కొత్తోళ్లు రావచ్చు, జాగ మాత్రం దేవిడీదే అని నవాబ్ సాబ్ మునషీతోని రాయిపిచ్చిండు. ఆ చివరి ముక్క రెండుసార్లు రాయిపిచ్చిండు, నన్ను చూసుకుంట.

సంతోషం ఒక్క వాన దాకనే. పన్నెండు కమాన్లల్ల ఐదు ఉరుస్తున్నయి. రేకులు కావాలె. రేకులంటే పైసలు, పైసలంటే సేఠ్. ఈసారి షేర్వాణీ తొడగలే, పాలు పోసే ధోతి మీదనే పోయిన. పెట్టె దిక్కు చూసుకుంట నిలబడి, సేఠ్‌జీ, అప్పుడు ఇస్తనన్నది ఇప్పుడు ఇయ్యుండ్రి అన్న. మాట బయటికొచ్చేసరికి చెమట పట్టింది.

"నువ్వే వద్దంటివి," అన్నడు సేఠ్, సంచి తీసుకుంట. "వేరే ఎవరో ఇచ్చిన్రనుకున్న. ఇన్ని దినాలు పట్టిందా ఒక్క మాట అడగనీకి?"

అంతే. సంచి నా చేతుల పెట్టిండు. నా చెయ్యి అడ్డం లేవబోయింది. వెంట వచ్చిన యేసుదాసు పట్టుకున్నడు.

మిరుగం పడ్డ నాలుగో దినానికి మూసీ నిండ వచ్చింది. పురానాపూల్ కమాన్ల కింద వాళ్లు పొయ్యిలు పెట్టుకున్న జాగ మీదికెల్లి ఎర్రనీళ్లు పోతుంటే పూల్ మీద నిలబడి చూసిన. అదే దినం పొద్దుగాల, బగ్గీ ఖానాల మూడో కమాన్ కింద, కొత్త రేకు మీద వాన సప్పుడు నడుమ ఎల్లమ్మకు ఆడపిల్ల పుట్టింది. బాలమణే కానుపు చేసింది. తొట్టెల లేకపోతే గుర్రాలకు దాణా పోసే రాతి తొట్టిల గడ్డి పరిచి, మీద నా ఉతికిన ధోతి వేసి పిల్లను పండబెట్టిన్రు. యేసుదాసు చూడనీకి వచ్చి, తొట్టిల పిల్లను చూసి, నెత్తి మీది టోపీ తీసిండు. ఎంతసేపయినా పెట్టుకోలే. ఆ రోజు ఒక్కనాడు గడియారం చూడలే.

ఇప్పుడు మీరు జహనుమా దిక్కు పోతే చూడుండ్రి. ఆ కమాన్ల కింద గోడలకు సున్నం, ముందట బాయి కాడ గిలక, ఒక్కొక్క పొయ్యి మీద ఒక్కొక్క కూర వాసన. పదకొండు కుటుంబాలల్ల ఏడు కుటుంబాలు పని దొరికి, సొంత కిరాయి గదులల్లకు పోయినయి. పోయేటోళ్లు తమ జాగ అలికి, సున్నం కొట్టి, కొత్త కుండల నీళ్లు నింపి పోవాలె అని వాళ్లే ఒక కాయిదా పెట్టుకున్నరు. కమిటీ చెప్పలే. కమిటీకి అంత తెలివి లేదు. ఆ ఏడు జాగలల్ల కొత్తోళ్లు దిగిన్రు. నేను దినాము పాల కావడితోని ఆ పక్కకెల్లే పోత. నా ఛాతి జర వెడల్పయితది, దాస్తే దాగదు. బర్రెలు కూడ కొట్టంలకు వచ్చినయి, పాలు మళ్ల పూర్తిగ ఇస్తున్నయి, నాతోని మాట్లాడుతున్నయి.

ఎల్లమ్మ మొగనికి ఇటుకల బట్టిల పని కుదిరింది. పోయిన నెల వాళ్లు ఒక గది పట్టిన్రు. మొదటి పొయ్యి ముట్టిచ్చిన దినం నన్ను, బాలమణిని పిలిచిన్రు. చిన్న గది, కొత్త చాప, మూలకు ఊయల. ఎల్లమ్మ తన సొంత పొయ్యి మీద చేసిన జొన్న రొట్టె, మీద ఇంత పుంటికూర, నా ముందర పెట్టింది.

"తిను అన్నా."

మీకు ప్రమాణం చేసి చెప్తున్న, నాకు మస్తు ఆకలిగున్నది. ఆ ఇంట్ల మొదటి రొట్టె అది, దాని కోసమే పోయిన. నా నోరు మాత్రం తనంతట అదే తెరుచుకున్నది.

"వద్దమ్మా, ఇప్పుడే తిన్న."

"సరే అన్నా," అని ఎల్లమ్మ ఆ రొట్టె తీసి బాలమణి పళ్లెంల వేసింది. బాలమణి నా దిక్కు చూసుకుంట తన రొట్టె, నా రొట్టె రెండూ తిన్నది.

ఏ ఇంట్ల మొదటి మాటకు తీస్కోవాలెనో, ఏ ఇంట్ల మూడో మాట దాక ఆగాలెనో, నాకు ఇప్పటికీ తెల్వదు.